గడియారం నొక్కితే మీటింగులూ తిథులూ కనిపించాలంటే: కేడీఈ ప్లాస్మాలో క్యాలెండర్ కలపడం

మా చిన్నాన్న పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ ఇక కదలట్లేదని కుబుంటు అనే లినక్స్ ఎక్కించి ఇచ్చాను. వారం తిరక్కుండానే ఫోన్. "ఒరేయ్, కింద టైం మీద నొక్కితే క్యాలెండర్ వస్తోంది గానీ అందులో ఒక్క పండగా లేదేంట్రా, ఉత్త అంకెలే ఉన్నాయి!" ఆయన అడిగింది న్యాయమే. కుబుంటులో తెర మీద మనకి కనిపించేదంతా కేడీఈ వాళ్ళ ప్లాస్మా అనే డెస్క్‌టాప్. అందులో కింద మూలన ఉండే డిజిటల్ క్లాక్ నొక్కితే నెల మొత్తం గళ్ళుగా తెరుచుకుంటుంది, కానీ మామూలుగా ఆ గళ్ళు ఖాళీ. గోడకి మేకు కొట్టి ఉంది, క్యాలెండర్ మనం తెచ్చి తగిలించుకోవాలి, అంతే. ఎందుకిలా చేశారంటే క్యాలెండర్ వెనక నడిచే సరంజామా కాస్త బరువు, అందరికీ అక్కర్లేదు, కావాలన్నవాళ్ళే పెట్టుకోండి అని వదిలేశారు. నాకైతే ఈ పద్ధతే బాగుంది. కాకపోతే ఏది ఎక్కడుందో ఎవరూ చెప్పరు, అదే చిక్కు.

కాబట్టి ముందు మీకేం కావాలో తేల్చుకోండి. సెలవులు, పౌర్ణమి, అమావాస్య కనిపిస్తే చాలనుకుంటే రెండు నిమిషాల పని, బరువైనదేదీ ఎక్కించక్కర్లేదు. ఫోన్‌లో గూగుల్ క్యాలెండర్‌లో పెట్టుకున్న మీటింగులు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు ఇక్కడ కూడా రావాలంటే అరగంట కూర్చోవాలి. చాలామంది మొదటిది చాలినా రెండోది మొదలుపెట్టి, మధ్యలో విసుగొచ్చి, లినక్స్ అంటేనే ఇంత అనుకుంటూ వదిలేస్తారు.

రెండు నిమిషాల పని

గడియారం మీద రైట్ క్లిక్ చేసి, కాన్ఫిగర్ డిజిటల్ క్లాక్ ఎంచుకోండి. ఎడమ పక్క క్యాలెండర్ అనే పేజీ ఉంటుంది. అందులో కిందకి వస్తే ప్లగిన్ల (అదనపు సదుపాయాలు కలిపే చిన్న ముక్కల) వరస, పక్కన టిక్ పెట్టే గడులు కనిపిస్తాయి. హాలిడేస్ ప్లాస్మాతో పాటే వస్తుంది. ఆస్ట్రనామికల్ ఈవెంట్స్, ఆల్టర్నేట్ క్యాలెండర్ అనేవి మాత్రం వేరే ప్యాకేజీలో ఉంటాయి, చాలా డిస్ట్రోల్లో (కుబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకాల్లో) ముందే ఉంటుంది, లేకపోతే డెబియన్, కుబుంటుల్లో ప్లాస్మా క్యాలెండర్ యాడ్ఆన్స్ అనే ప్యాకేజీ వేసుకోవాలి. ఫెడోరా, ఆర్చ్‌లలో కేడీఈప్లాస్మా యాడ్ఆన్స్ అని వెతకండి.

హాలిడేస్ దగ్గర టిక్ పెట్టి ఊరుకుంటే ఏమీ జరగదు. టిక్ పెట్టాక అప్లై నొక్కాలి, అప్పుడు ఎడమ వైపు హాలిడేస్ అనే కొత్త పేజీ ఒకటి పుట్టుకొస్తుంది, అందులోకి వెళ్ళి ఏ దేశానివి కావాలో మళ్ళీ టిక్ పెట్టి మళ్ళీ అప్లై. ఈ రెండో టిక్కు సంగతి తెలియక "పెట్టాను, రాలేదు" అని అడిగేవాళ్ళే ఎక్కువ. రాష్ట్ర ప్రభుత్వ సెలవుల జాబితా అచ్చంగా ఇందులో ఉంటుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. బోనాలకి హైదరాబాద్ ఆఫీసుకి సెలవుందో లేదో ఈ ప్లగిన్‌ని అడిగి లాభం లేదు, అవి మనమే ఎక్కించుకోవాలి, దాని సంగతి కింద చెప్తాను.

ఆస్ట్రనామికల్ ఈవెంట్స్‌లో చంద్రకళలకి టిక్ పెడితే ఫుల్ మూన్, న్యూ మూన్ వచ్చే రోజుల కింద చుక్క కనిపిస్తుంది, ఆ తేదీ నొక్కితే పక్కన పేరు వస్తుంది. చిన్నాన్న దీనికి మురిసిపోయాడు గానీ నేను వెంటనే ఒక మాట చెప్పాను, ఇది చూసి ఉపవాసాలు పెట్టుకోవద్దని. అది ఖగోళ లెక్క, చంద్రుడు నిండుగా ఉండే క్షణం ఏ రోజు పడితే ఆ రోజు మీద చుక్క పెడుతుంది. మన పంచాంగం సూర్యోదయానికో చంద్రోదయానికో ఏ తిథి ఉందో చూస్తుంది. రెంటికీ ఒక రోజు తేడా రావడం మామూలే.

ఇంకో ఉచ్చు ఆల్టర్నేట్ క్యాలెండర్. ప్లాస్మా 5.26లో, అంటే 2022 అక్టోబర్‌లో, గడియారం క్యాలెండర్‌లో ఇంగ్లీషు తేదీతో పాటు ఇంకో సంప్రదాయపు తేదీని కూడా చూపించే సదుపాయం తెచ్చారు. చైనీస్, హీబ్రూ, ఇస్లామిక్ వగైరాలతో పాటు ఇండియన్ నేషనల్ అని ఉంటుంది. అది చూడగానే మన వాళ్ళందరికీ ఆశ పుడుతుంది, ఎంచుకోగానే చైత్రం, వైశాఖం అని పేర్లు కూడా వచ్చేస్తాయి. కానీ అది మన పంచాంగం కాదు. అది 1957 మార్చి 22 నుంచి భారత ప్రభుత్వం వాడుతున్న జాతీయ శక క్యాలెండర్, గెజిట్‌లోనూ ఆకాశవాణి వార్తల్లోనూ వినిపించేది. అది సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది, అందులో చైత్రం 1 మార్చి 22న, లీపు సంవత్సరమైతే 21న వస్తుంది. మనది చాంద్రమానం. 2026లో ఉగాది మార్చి 19, శక క్యాలెండర్ చైత్రం 1 మార్చి 22. మూడు రోజుల తేడానే కదా అనుకుంటారేమో, 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, శక చైత్రం మార్చి 21నే మొదలైపోయింది. చైత్రం అని కనిపించినంత మాత్రాన నమ్మేయకండి.

అరగంట పని: గూగుల్ క్యాలెండర్‌ని గడియారంలోకి తేవడం

ఇక్కడ గడియారం ఒక్కటే చాలదు. ప్లాస్మా గడియారం నేరుగా గూగుల్‌తో మాట్లాడదు. మధ్యలో అకొనాడీ అనే సర్వర్ ఉంటుంది, అదే మీ ఖాతాల్లోంచి క్యాలెండర్లు, ఈమెయిల్, కాంటాక్టులు తెచ్చి ఒకచోట పెట్టి అడిగిన ప్రోగ్రాంకి అందిస్తుంది. ఘనాలో న్యాయం చెప్పే ఒక దేవత పేరట అది. మీ కంప్యూటర్‌లోనే ఒక చిన్న డేటాబేస్ నడుపుకుంటుంది, సాధారణంగా మరియాడీబీ లేదా మైఎస్‌క్యూఎల్, కావాలంటే ఎస్‌క్యూలైట్ కూడా. బరువు అన్నది దీని గురించే. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మిషన్ అయితే ఒకసారి ఆలోచించుకోండి, 8 జీబీ ఉంటే దాని ఊసే తెలియదు.

మనకి రెండు వస్తువులు కావాలి. ఒకటి ఖాతాలు ఎక్కించుకోవడానికి క్యాలెండర్ ప్రోగ్రాం: కేఆర్గనైజర్ గానీ మెర్కూరో గానీ. మెర్కూరోనే ఇదివరకు కే అక్షరంతో రాసే కాలెండర్ అనేవారు, 2023లో పేరు మార్చారు, చూడ్డానికి అందంగా ఉంటుంది. కేఆర్గనైజర్ పాతకాలపు మనిషి, అన్నీ ఉంటాయి గానీ మెనూల్లో వెతుక్కోవాలి. నేను ఇప్పటికీ కేఆర్గనైజర్నే వాడతాను. రెండోది గడియారానికి అకొనాడీని కలిపే ప్లగిన్, అది కేడీఈపిమ్ యాడ్ఆన్స్ అనే ప్యాకేజీలో ఉంటుంది. అసలు తాళంచెవి ఇదే. ఇది లేకపోతే కేఆర్గనైజర్‌లో అన్నీ కనిపిస్తాయి, గడియారం మాత్రం ఖాళీగానే ఉంటుంది.

చిన్నాన్నకి ఫోన్‌లో ఈ పేరు చెప్పడానికే పది నిమిషాలు పట్టింది. "కే, డీ, ఈ, పీ, ఐ, ఎం, మధ్యలో స్పేస్ లేదు చిన్నాన్నా, తర్వాత అడ్డగీత, తర్వాత యాడ్ఆన్స్, అందులో రెండు డీలు, అన్నీ చిన్నక్షరాలు." మీకూ అదే చెప్తున్నాను. టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి మీ డిస్ట్రోని బట్టి ఆప్ట్ తోనో, డీఎన్ఎఫ్ తోనో, ప్యాక్‌మ్యాన్ తోనో వేసుకోండి. టెర్మినల్ అంటే భయమైతే సినాప్టిక్ లాంటి ప్యాకేజీ మేనేజర్‌లో వెతికి టిక్ పెట్టండి. ప్లాస్మాలో యాప్ స్టోర్ లాంటి డిస్కవర్‌లో వెతికితే దొరకకపోవచ్చు, అది ముఖ్యంగా అప్లికేషన్లే చూపిస్తుంది.

డిస్కవర్ అన్నాను కాబట్టి ఇక్కడే ఇంకోటి. కేఆర్గనైజర్నో మెర్కూరోనో అక్కడ్నించి వేసుకునేటప్పుడు పైన సోర్స్ ఏముందో చూడండి. ఫ్లాట్‌ప్యాక్ అని ఉంటే వద్దు. ఫ్లాట్‌ప్యాక్ అంటే మిగతా సిస్టంతో కలవకుండా విడి పెట్టెలో నడిచే ప్యాకేజీ. ఆ ప్రోగ్రాం తన పెట్టెలో తనే ఒక అకొనాడీ నడుపుకుంటుంది, బయట ఉన్న గడియారానికి అది కనిపించదు. మీరు గంటసేపు ఖాతా తీసేసి మళ్ళీ పెట్టినా ఉపయోగం ఉండదు. నేను ఒక ఆదివారం పొద్దున్నంతా దీనికే పోగొట్టుకున్నాను, కాఫీ రెండుసార్లు చల్లారిపోయింది. డిస్ట్రో సొంత ప్యాకేజీనే వేసుకోండి.

రెండూ ఎక్కాక ఒకసారి లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వండి, లేకపోతే గడియారం సెట్టింగుల్లో కొత్త ప్లగిన్ కనిపించకపోవచ్చు.

ఇప్పుడు ఖాతా. కేఆర్గనైజర్‌లో సెట్టింగ్స్ మెనూ, అందులో కాన్ఫిగర్ కేఆర్గనైజర్, జనరల్, క్యాలెండర్స్ అనే ట్యాబ్, అక్కడ యాడ్ నొక్కండి. వచ్చే జాబితాలో గూగుల్ గ్రూప్‌వేర్ అని ఉంటుంది. అది ఎంచుకుని కాన్ఫిగర్ చేస్తే గూగుల్ లాగిన్ పేజీ తెరుచుకుంటుంది, మామూలుగా లాగిన్ అయి అనుమతి ఇవ్వండి. తర్వాత మీ క్యాలెండర్లన్నీ వరసగా వస్తాయి, కావలసిన వాటికే టిక్ పెట్టండి. గూగుల్ కాకుండా నెక్స్ట్‌క్లౌడ్ లాంటి వేరే సర్వర్లు వాడేవాళ్ళు డావ్ గ్రూప్‌వేర్ ఎంచుకోవాలి, ఖాతాకి రెండంచెల లాగిన్ పెట్టుకుని ఉంటే మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు, సెట్టింగుల్లోకి వెళ్ళి యాప్ పాస్‌వర్డ్ ఒకటి తయారు చేసుకోవాలి. దారిలో వాలెట్ అంటూ పాస్‌వర్డ్ అడిగే పెట్టె ఒకటి వస్తుంది. అది కేడీఈ వాలెట్, మీ లాగిన్ వివరాలు అందులో దాచిపెడుతుంది. కొత్తగా పెట్టేటప్పుడు తాళం రకం అడిగితే బ్లోఫిష్ ఎంచుకుని, కంప్యూటర్ లాగిన్ పాస్‌వర్డే దీనికీ పెట్టండి, అప్పుడు లాగిన్ అవ్వగానే దానంతటదే తెరుచుకుంటుంది. వేరే పాస్‌వర్డ్ పెట్టినా, జీపీజీ ఎంచుకున్నా, లేదా పాస్‌వర్డ్ లేకుండా ఆటో లాగిన్ పెట్టుకున్నా, పొద్దున్నే కంప్యూటర్ తెరిచిన ప్రతిసారీ వాలెట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. రోజూ అది చూసి విసుగొచ్చి మొత్తం తీసేసినవాళ్ళు నాకు తెలుసు.

ఖాతా అంతా వద్దు, ఒక్క క్యాలెండర్ చూస్తే చాలనుకునేవాళ్ళకి ఇంకో దారి ఉంది. గూగుల్ క్యాలెండర్ వెబ్ పేజీలో ఆ క్యాలెండర్ సెట్టింగుల్లో ఐకాల్ (క్యాలెండర్లు ఇచ్చిపుచ్చుకునే ఫైల్ పద్ధతి) రూపంలో ఒక రహస్య చిరునామా ఇస్తారు. కేఆర్గనైజర్‌లో యాడ్ నొక్కి ఐకాల్ క్యాలెండర్ ఫైల్ ఎంచుకుని ఫైల్ ఉండాల్సిన చోట ఆ చిరునామా అతికిస్తే చాలు. చదవడమే, ఇక్కడ్నించి మార్చలేరు. ఆ చిరునామా ఎవరి చేతిలో పడితే వాళ్ళు మీ క్యాలెండర్ మొత్తం చూసేయొచ్చు, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. పొరపాటున పెట్టేస్తే అదే పేజీలో రీసెట్ ఉంది.

ఇప్పుడు మళ్ళీ గడియారం దగ్గరికి. రైట్ క్లిక్, కాన్ఫిగర్, క్యాలెండర్ పేజీ, ఈసారి ప్లగిన్ల వరసలో పిమ్ ఈవెంట్స్ అని కొత్తది ఉంటుంది. టిక్, అప్లై, ఎడమ వైపు పుట్టిన కొత్త పేజీలోకి వెళ్ళి క్యాలెండర్లకి టిక్, మళ్ళీ అప్లై. హాలిడేస్‌కి చెప్పిన కథే. అయిపోయాక గడియారం నొక్కి చూడండి, ఏదైనా ఉన్న తేదీ కింద రంగు చుక్కలు, నొక్కితే పక్కన ఆ రోజు పనుల పట్టిక.

రెండు మానిటర్లు, రెండు ప్యానెళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోండి, ప్లగిన్ టిక్ ఏ గడియారానికి ఆ గడియారానికే. ఒకదాంట్లో పెట్టి రెండోదాంట్లో రాలేదని టెన్షన్ పడకండి.

మన తిథులు, మన సెలవులు

ఇవి రెడీమేడ్‌గా సరిగ్గా దొరకవు కాబట్టి నేను ఇంటి పేరుతో ఒక లోకల్ క్యాలెండర్ పెట్టుకున్నాను. యాడ్ నొక్కి, ఐకాల్ క్యాలెండర్ ఫైల్ ఎంచుకుని, హోం ఫోల్డర్‌లో ఎక్కడో కొత్త ఫైల్ పేరు ఒకటి ఇస్తే అదే తయారవుతుంది. ఇంటర్నెట్‌తో పని లేదు, గూగుల్‌కి తెలియనక్కర్లేదు. ఎవరైనా ఐసీఎస్ ఫైల్ (అదే ఐకాల్ ఫైల్) పంపితే ఫైల్ మెనూలో ఇంపోర్ట్ ఉంది, ఉన్న క్యాలెండర్‌లో కలపాలా, కొత్తదిగా చేర్చాలా అని అడుగుతుంది. కొత్తదిగానే చేర్చండి, నచ్చకపోతే ఒక్క దెబ్బకి తీసేయొచ్చు. కలిపేశాక ఏరుకోవడం నరకం.

పుట్టినరోజులు, పెళ్ళిరోజులు ఇంగ్లీషు తేదీలవైతే ఏడాదికోసారి రిపీట్ అని పెట్టండి, జీవితాంతం ఉంటుంది. తిథుల్ని మాత్రం అలా పెట్టొద్దు. నేనే చేశాను ఆ తప్పు. మా తాతయ్య తద్దినం ఆషాఢ బహుళ విదియ. ఆ ఏడు వచ్చిన తేదీకి పెట్టి, రిపీట్ కొట్టి, రెండు రోజుల ముందు గుర్తుచేసేలా పెట్టి చేతులు దులుపుకున్నాను. మరుసటేడు అది చెప్పిన తేదీకే ఫోన్ చేస్తే చిన్నాన్న, "ఏరా, మీ తాతయ్యకి ఇంగ్లీషు తారీఖు చూసి అన్నం పెడతావా?" అన్నాడు. తిథి ప్రకారం అసలు రోజు అప్పటికే దాటిపోయింది, వాళ్ళు పెట్టేశారు, నేనే లేను.

చాంద్రమాన సంవత్సరం దాదాపు పదకొండు రోజులు పొట్టి, అందుకే తిథులు ఏటా వెనక్కి జరుగుతాయి, అధిక మాసం వచ్చిన ఏడు ఒక్కసారిగా ముందుకి దూకుతాయి. 2025లో గురుపౌర్ణమి జూలై 10, 2026లో అధిక జ్యేష్ఠం ఉండటంతో జూలై 29. ఏ రిపీట్ సూత్రానికీ అది అందదు. కాబట్టి ఉగాదికి కొత్త పంచాంగం కొన్నప్పుడే ఒక గంట కూర్చుని ఆ ఏడాది తిథులన్నీ చేత్తో ఎక్కించుకోవాలి, వేరే దారి లేదు. నేను ఇప్పుడు చిన్నాన్నకి ఫోన్ చేస్తాను, ఆయన అద్దాలు పెట్టుకుని పంచాంగం చదువుతుంటే నేను టైప్ చేస్తాను, మధ్యలో మా పిన్ని "ఏకాదశులు కూడా రాయమనండి" అంటుంది.

ఎక్కించేటప్పుడు ఆల్ డే గడికి టిక్ పెట్టండి. పెట్టకపోతే టైంజోన్ గొడవ వస్తుంది. మా అక్క కొడుకు డాలస్‌లో ఉంటాడు, ఈ ఫైలే వాడికీ పంపాను, టైముతో పెట్టిన పండగలన్నీ వాడి గడియారంలో ముందు రోజుకి జారిపోయాయి. అసలు ఆల్ డే పెట్టినా అమెరికాలో ఉన్నవాళ్ళకి తిథి మారొచ్చు, వాళ్ళ సూర్యోదయం వేరు, అక్కడి పంచాంగం చూసి విడిగా ఎక్కించుకోవాల్సిందే.

మీటింగులకి మాత్రం దీనికి తిరగేసి చేయాలి. వాడితో ప్రతి శుక్రవారం వాడి రాత్రి 8:30కి వీడియో కాల్, మనకి శనివారం పొద్దున 7. ఈవెంట్‌లో టైంజోన్ దగ్గర అమెరికా, షికాగో అని ఎంచుకుని 8:30 అని పెట్టాను, డాలస్‌ది కూడా అదే జోన్. నవంబర్‌లో వాళ్ళు గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పినప్పుడు మన దగ్గర అది తనంతట తనే 8 అయిపోతుంది, మార్చిలో మళ్ళీ 7. అదే గడియారం సెట్టింగుల్లో టైంజోన్స్ పేజీలో ఆ జోన్‌ని కూడా చేర్చి, మౌస్ వీల్‌తో మార్చే టిక్ పెడితే, గడియారం మీద చక్రం తిప్పగానే డాలస్ టైం కనిపిస్తుంది. ఫోన్ చేసే ముందు వేళ్ళ మీద లెక్కపెట్టే బాధ తప్పింది.

రాకపోతే

అన్నీ చేసినా చుక్కలు రాకపోతే ముందు కేఆర్గనైజర్ తెరిచి అక్కడ కనిపిస్తున్నాయో లేదో చూడండి. అక్కడే లేకపోతే తప్పు గడియారానిది కాదు, ఖాతాదో అకొనాడీదో. ఇంగ్లీషులో అకొనాడీ (ఏ, కే, ఓ, ఎన్, ఏ, డీ, ఐ) పక్కనే సీ, టీ, ఎల్ కలిపి ఒక ముక్కగా టెర్మినల్‌లో కొట్టి, స్పేస్ ఇచ్చి రీస్టార్ట్ అంటే ఒకసారి ఆగి మళ్ళీ లేస్తుంది, సగం రోగాలు దీంతో పోతాయి. అక్కడ కనిపించి గడియారంలో లేకపోతే ఆ రెండో టిక్కు, లేదా ఫ్లాట్‌ప్యాక్. ఫోన్‌లో ఇప్పుడే పెట్టిన ఈవెంట్ వెంటనే రాకపోతే కంగారు వద్దు, అకొనాడీ కాస్త విరామం ఇచ్చి చూసుకుంటుంది, ఆ వ్యవధి ఖాతా సెట్టింగుల్లో మార్చుకోవచ్చు.

గడియారం చూపిస్తుందే గానీ గంట కొట్టదు. గుర్తుచేసే పని వెనక నడిచే వేరే ప్రోగ్రాంది, అది కూడా ఈవెంట్‌లో మీరు రిమైండర్ పెడితేనే.

ప్లాస్మా బదులు గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వాడేవాళ్ళు ఇంత తంటాలు పడక్కర్లేదు, సెట్టింగ్స్‌లో ఆన్‌లైన్ అకౌంట్స్‌లో గూగుల్ చేర్చి క్యాలెండర్ ఆన్ చేస్తే పైన గడియారంలో వచ్చేస్తాయి. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్ గడియారంలో మాత్రం నెల తప్ప ఏమీ కనిపించదు, ఒరాజ్ అనే ప్రోగ్రాం వేరుగా పెట్టుకోవాలి.

చిన్నాన్న మిషన్‌లో చివరికి గూగుల్ ఖాతా తీసేశాను, ఆయనకి మీటింగులేం లేవు. హాలిడేస్, చంద్రకళలు, ఇంటి ఫైలు, ఈ మూడే ఉంచాను. మొన్న ఫోన్ చేసి, తద్దినం కింద ఆకుపచ్చ చుక్క ఉందట, అది బాలేదు, రంగు మార్చమన్నాడు. కేఆర్గనైజర్‌లో ఎడమ పక్క క్యాలెండర్ పేరు మీద రైట్ క్లిక్ చేస్తే రంగు మార్చుకోవచ్చు.